ఆలస్యమైన తేదీ

మా కేంద్రమునకు శ్రోతలు వ్రాయు ఉత్తరములలో పాటలు కోరునవే ఎక్కువ. ప్రసారము స్పష్టముగా వినరాలేదని వ్రాయునవి కొన్ని. చరిత్రను గూర్చి ప్రశ్న అడుగు ఉత్తరము ఎప్పుడో గాని రాదు. అట్టిది ఒకటి పెనుబల్లి నుండి వచ్చినది. వ్రాసినవారు సైన్యములో మేజరుగా ఉండి విశ్రాంతి పొందిన పెద్దమనిషి. లంకాసాగరు నీటి క్రింద కొద్దిపాటి మాగాణి చూచుకొనుచు స్వగ్రామమున ఉన్నారు. పేరు ప్రకటింపవలదని కోరిరి గనుక ప్రకటింపము.

వారి కథ చిన్నది. కెప్టెను పదవి నుండి మేజరు పదవికి వెళ్లుటకు వలసిన పరీక్షలో వారు వేళకే నెగ్గిరి. నెగ్గిన సంగతి తెలుపు కాగితము మాత్రము ఒక కార్యాలయము నుండి మఱొక కార్యాలయమునకు చేరుటకు పదునాలుగు నెలలు పట్టెను. పదవి వచ్చినది, కాని కాగితము చేరిన నాటి తేదీతో వచ్చినది. వారు విన్నపము మీద విన్నపము పంపిరి. పరిశీలనలో ఉన్నదను జవాబు వచ్చుచుండెను. తుదకు, వారు ఉద్యోగము విడిచి ఇంటికి చేరిన తరువాత, పదోన్నతి తేదీని పదునాలుగు నెలలు వెనుకకు జరుపుచు ఉత్తరువు వచ్చెను. ఆ ఉత్తరువును వీయం బంజరు కూడలిలో నలుగురికి చూపగా ఒక మిత్రుడు, "మేజరుగారూ, పదవి ఎప్పుడో వచ్చెను గదా! తేదీ ఏదయిననేమి?" అనెనట. "ఈ ప్రశ్నకు నేను జవాబు చెప్పలేకపోతిని. చరిత్రలో దీనికి జవాబేమైన ఉన్నదా?" అని వారు మమ్ము అడిగినారు.

ఉన్నదనియే మా అభిప్రాయము. ఆ జవాబును వెదకుటకు మొదట సైన్యములో తేదీ చేయు పని ఏమో తెలిసికొందము.

ఇతర కొలువులలో ఇద్దరు సమానమైన పదవిలో ఉన్నచో ఎవరి పని వారు చేసికొందురు. సైన్యములో అట్లు కాదు. ఇద్దరు మేజరులు ఒకచోట నిలిచినచో వారిలో ఒకరు పెద్ద, మఱొకరు చిన్న. ఎవరు పెద్ద? వయస్సు ఎక్కువైనవారు కాదు, చదువు ఎక్కువైనవారు కాదు. మేజరు పదవిని ముందు తేదీన పొందినవారు. ఆ తేదీలును సమానమైనచో అంతకు ముందటి పదవి తేదీలను చూతురు. యుద్ధరంగమున నాయకుడు కూలినప్పుడు తరువాతి నాయకుడు ఎవరని సభచేసి నిర్ణయించుటకు వ్యవధి ఉండదు. ఆ నిర్ణయము ముందే జరిగి, గెజెట్టులో తేదీ రూపమున అచ్చుపడి ఉండును.

శాంతికాలమున ఆ తేదీ మఱొక పని చేయును. మన సైన్యములో పై పదవులకు ఎంపిక జరుగునప్పుడు అధికారులను జ్యేష్ఠతా సంవత్సరమును బట్టి జట్లుగా చేసి, ఒక్కొక్క జట్టును ఎంపికసంఘము ముందుంచుదురు. తేదీ కొన్ని నెలలు వెనుకబడినచో అధికారి తన తోడివారి జట్టునుండి తరువాతివారి జట్టులోనికి జారిపోవచ్చును. నిన్న తనకు వందనము చేసినవాడు రేపు తనకు పై అధికారి కావచ్చును. జీతమునకును, పింఛనుకును ఆ తేదీయే ఆధారము. కావున సైనికునికి పదవి ఒకటి, తేదీ ఒకటి కావు. పదవి అతడు ఎక్కిన మెట్టు. తేదీ ఆ మెట్టుపై అతడు నిలిచిన చోటు.

మన తెలుగువారికి ఈ తేదీల లెక్క చాలకాలము అక్కరకు రాలేదు. ఉత్తర హిందూస్థానమున సిపాయికి 'తిలంగా' అను పేరు కలదు. పదునెనిమిదవ శతాబ్దమున ఈస్టిండియా కంపెనీ కొలువులో మద్రాసు నుండి వంగదేశమునకు వెళ్లిన దళములలో తెలుగువారు ఉండుటచే ఆ పేరు అక్కడ నిలిచిపోయినది. పేరు మనది, పరాక్రమము మనది. కాని ఆ సేనలో భారతీయునకు అందగల పై మెట్టు సుబేదారు వర్గముతో సరి. ముప్పది యేండ్లు కొలువుచేసి తల నెరసిన సుబేదారు సైతము, నిన్న ఓడ దిగిన ఇంగ్లీషు కుఱ్ఱ అధికారికి లోబడవలసినదే. ఒకే పట్టికలో పేర్లు ఉన్నప్పుడు గదా తేదీలను పోల్చుట! పట్టికలే వేరైనచో తేదీ ఏమి చేయగలదు?

మొదటి ప్రపంచయుద్ధము ఆ గోడను కొంత కదలించెను. 1917 ఆగస్టులో కొందఱు భారతీయులకు పూర్తి అధికారముగల రాజకమీషను లభించెను. యుద్ధము ముగియు వేళకు ఇండోరులోని డేలీ కళాశాలలో కొందఱు భారతీయ యువకులకు అధికారులుగా శిక్షణ ఇచ్చిరి. వారిలో కొడగునుండి వచ్చిన కరియప్ప ఒకరు. వారు 1919 డిసెంబరు 1న శిక్షణ ముగించి తాత్కాలికమైన కమీషను పొందిరి. శాశ్వతమైన కమీషను ఉత్తరువు 1922లో గాని రాలేదు. వచ్చినప్పుడు అది 1920 జూలై 17 నుండి అమలగునని అందులో ఉండెను.

ఆ తేదీని కొంచెము నిదానించి చూడవలెను. ఇంగ్లండులోని శాండ్‌హర్‌స్టు సైనిక కళాశాల నుండి ఒక తరగతి అధికారులు 1920 జూలై 16న వెలువడిరి. కరియప్పకు ఇచ్చినది ఆ మఱునాటి తేదీ. వారికంటె నెలల ముందే సేవలో చేరినవారు, ఆ ఒక్క దినముతో ఆ తరగతివారందఱికంటె చిన్నవారైరి. ఇది గుమాస్తా చేతిలో జరిగిన పొరపాటు కాదు, బుద్ధిపూర్వకముగా కూర్చిన తేదీ. ఆలస్యముగా వచ్చిన ఉత్తరువు వెనుకటి తేదీతో వచ్చినదని సంతోషింపవలసిన చోటనే, ఆ వెనుకటి తేదీలో ఒక దినము తక్కువ చేసి పెట్టిరి.

కరియప్ప 1949 జనవరి 15న స్వతంత్ర భారత సైన్యమునకు మొదటి భారతీయ సర్వసేనాపతి అయినారు. నేటికిని ఆ దినము సైనిక దినోత్సవముగా జరుగుచున్నది. 1953లో విశ్రాంతి పొందినారు. ఫీల్డుమార్షలు గౌరవము వారికి 1986లో లభించినది. ఒక దినము తగ్గించిన తేదీ వారిని ఆపలేకపోయినది. అయితే అందఱును కరియప్పలు కారు. సామాన్యుడైన అధికారి జీవితమున అట్టి ఒక దినము ఏమి చేయునో లెక్కించినవారు లేరు. తేదీని వెనుకకు జరుపు కలము న్యాయమునకు ఎంత పనికివచ్చునో పక్షపాతమునకును అంతే పనికివచ్చునని మాత్రము ఈ వృత్తాంతము వలన తెలియుచున్నది.

తేదీ ఏదయిననేమి అను ప్రశ్నకు చరిత్రలో నిండైన జవాబు ఫ్రాన్సు దేశమున ఉన్నది. ఆల్ఫ్రెడ్ డ్రేఫస్ ఫిరంగిదళములో కెప్టెను, యూదుడు. సైనిక రహస్యములను జర్మనీకి అమ్మెనని 1894 అక్టోబరులో అతనిని నిర్బంధించిరి. నేరము చేసినవాడు వేఱొకడు. అయినను సైనిక న్యాయస్థానము డ్రేఫసునకు యావజ్జీవ ప్రవాసము విధించెను. 1895 జనవరి 5న పారిసులో సేన ఎదుట అతని దుస్తుల గుర్తులను పెఱికి, కత్తిని విఱిచిరి. దక్షిణ అమెరికా తీరమున ఉన్న దెయ్యపు దీవికి పంపిరి.

1896లో గూఢచారిశాఖకు అధిపతియైన లెఫ్టినెంటు కర్నలు పికార్ అసలు దోషి ఎవడో కనుగొనెను. ఆ చేతివ్రాత ఎస్టర్‌హాజీ అను అధికారిది. పై అధికారులు నోరు మెదపవలదనిరి. పికార్ ఊరకుండలేదు. అతనిని ట్యునీషియాకు బదిలీ చేసిరి. 1898లో చెఱలో ఉంచి కొలువునుండి తొలగించిరి. 1899లో డ్రేఫసును మఱల విచారించి మఱల దోషి యనిరి. పది దినములకు క్షమాభిక్ష ఇచ్చిరి. 1906 జూలై 12న ఫ్రాన్సు ఉన్నత న్యాయస్థానము తీర్పును కొట్టివేసి అతడు నిర్దోషియని ప్రకటించెను.

మన ప్రశ్నకు సంబంధించిన కథ ఆ మఱునాడు మొదలగును. జూలై 13న ఫ్రెంచి పార్లమెంటు ఆ ఇద్దఱినీ సేనలోనికి మఱల తీసికొనుటకు చట్టము చేసెను. పికార్‌ను బ్రిగేడియరు జనరలుగా చేసిరి. ఆ పదవి 1903 జూలై 10 నుండి వచ్చినట్లు లెక్కించిరి. అతడు సేన వెలుపల గడపిన కాలమును చట్టము ఆ విధముగా తిరిగి ఇచ్చెను. డ్రేఫసును మేజరుగా చేసిరి. అతనికి మాత్రము వెనుకటి తేదీ ఇయ్యలేదు. దీవిలో గడచిన ఏండ్లును, తరువాత నిరీక్షణలో గడచిన ఏండ్లును అతని లెక్కలో చేరలేదు. అతనితోపాటు కెప్టెనులుగా ఉండినవారు ఎంతో ముందుకు పోయిరి. ఆ నెలలోనే అతనికి లీజియన్ ఆఫ్ ఆనరు పతకము అలంకరించిరి. పతకము ఇచ్చుటకు సందేహింపని ప్రభుత్వము తేదీ ఇచ్చుటకు సందేహించెను.

ఆ సందేహమునకు మూలమేమో కొంత ఊహింపవచ్చును. పతకము ఇచ్చినచో ఎవ్వరి చోటును మాఱదు. తేదీ ఇచ్చినచో పట్టిక అంతయు కదలును. ఒకరిని పైకి జరుపవలెనన్న మఱికొందఱిని క్రిందికి జరుపవలెను. పైగా వెనుకటి తేదీ వ్రాయుట అనగా, ఆ ఏండ్లన్నియు ఇతడు మా అధికారియే, తప్పు మాది అని ప్రభుత్వము తన పుస్తకములోనే ఒప్పుకొనుట. గౌరవము చేయుట సులభము, ఒప్పుకొనుట కష్టము.

1906 అక్టోబరులో పికార్ యుద్ధమంత్రి అయినాడు. డ్రేఫస్ తన తేదీని సవరింపుమని కోరినాడు. తన నిర్దోషిత్వమును మొదట కనుగొన్నవాడే మంత్రిపీఠమున ఉన్నను ఆ కోరిక నెఱవేఱలేదు. తేదీ లేనిదే పై పదవులకు వెళ్లు దారి లేదని గ్రహించి డ్రేఫస్ 1907లో సేననుండి విరమించుకొనెను. 1914లో యుద్ధము రాగా, ఏబది నాలుగేండ్ల వయస్సున మఱల కొలువులో చేరి పనిచేసెను. 1918లో లెఫ్టినెంటు కర్నలు అయ్యెను. 1935 జూలై 12న, తన నిర్దోషిత్వము ప్రకటితమైన తేదీనాడే, కన్నుమూసెను.

ఆ లెక్క అంతటితో ముగియలేదు. 2025 జూన్ 2న ఫ్రెంచి జాతీయసభ డ్రేఫసునకు మరణానంతరము బ్రిగేడియరు జనరలు పదవి ఇయ్యవలెనని ఏకగ్రీవముగా తీర్మానించెను. ఆ సంవత్సరము నవంబరులో అది చట్టమైనది. నూటపందొమ్మిదేండ్ల క్రితము దిద్దవలసిన ఒక తేదీ దిద్దబడనందున, మునిమనుమల కాలపు శాసనసభ దానిని గూర్చి సమావేశమై మాటలాడవలసి వచ్చినది. తేదీ ఏదయిననేమి అనువారికి ఇంతకంటె మంచి జవాబు మాకు తోచదు.

మేజరుగారి ఊరు ఈ విషయము తెలియని ఊరు కాదు. పెనుబల్లి ప్రాంతము 1956 నవంబరు 1 వఱకు హైదరాబాదు రాష్ట్రమున ఉండెను. దక్షిణముగా పోయి తిరువూరు చేరినచో అది ఆంధ్ర రాష్ట్రము. ఖమ్మము జిల్లా 1953లో వరంగల్లు జిల్లా నుండి ఏర్పడినది. తూర్పు గోదావరి జిల్లాలోని భద్రాచలము ప్రాంతము 1959లో ఖమ్మములో చేరినది. ఈ అడవి అంచున ప్రజల భాష ఒకటియే, సంతలు ఒకటియే. కొలువుల పుస్తకములు మాత్రము రెండు. రెండు రాష్ట్రములు ఒకటైన నాడు ఆ రెండు పుస్తకములను ఒకటి చేయవలసి వచ్చెను.

అప్పటి తగవు సైనికులది కాదు గాని తేదీలదే. ఇక్కడ ఒక తహశీలుదారు, అక్కడ ఒక తహశీలుదారు. కలిసిన పట్టికలో ఎవరి పేరు పైన ఉండవలెను? తాత్కాలికముగా పని ప్రారంభించిన దినము లెక్కకు వచ్చునా, స్థిరపఱచిన దినము వచ్చునా? ఒక ప్రభుత్వము స్థిరపఱచు ఉత్తరువును వేళకు ఇచ్చి, మఱొకటి ఏండ్ల తరబడి ఇయ్యనిచో ఆ ఆలస్యపు ఫలము ఎవరు అనుభవింపవలెను? రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ చట్టములోని 115వ విభాగము ఈ పనిని కేంద్రప్రభుత్వమునకు అప్పగించెను. పనియొక్క స్వభావము, బాధ్యత, కావలసిన కనీసపు అర్హత, జీతము అను నాలుగింటిని బట్టి పదవులను పోల్చవలెనని నియమము ఏర్పఱచిరి. పట్టికలు మొదట తాత్కాలికముగా వెలువడెను. వాటిపై ఆక్షేపణలు, ఆక్షేపణలపై వ్యాజ్యములు నడిచెను. ఎందఱో ఉద్యోగులు తుది పట్టికను చూడకయే విశ్రాంతి పొందిరి. 1969లో తెలంగాణమున లేచిన ఆందోళనకు గల కారణములలో కొలువుల తగవు ఒకటి. 1973 నాటి ఆరు సూత్రముల ఒప్పందము వలన, ఇట్టి తగవులను విచారించుటకే 1976లో రాష్ట్రమున ప్రత్యేక పరిపాలనా ట్రిబ్యునలు ఏర్పడెను. ఒక రాష్ట్రపు చరిత్రను కదిలించిన వాటిలో ఉద్యోగుల పుస్తకములలోని తేదీలును ఉన్నవని మనము మఱువరాదు.

ఈ అనుభవములనుండి మన న్యాయస్థానములు నేర్చిన పాఠములు రెండు చెప్పుదుము. 1962లో చైనాతో యుద్ధము వచ్చినప్పుడు ఎందఱో యువకులు చదువులు, కొలువులు విడిచి సేనలో చేరిరి. సైనిక సేవాకాలమును తరువాతి సివిలు కొలువులో జ్యేష్ఠతకు లెక్కింతుమని పంజాబు ప్రభుత్వము 1965లో నియమము చేసెను. పంజాబునుండి వేఱుపడిన హర్యానా 1976లో ఆ మేలును వెనుకటి తేదీ నుండి తగ్గించెను. మాజీ కెప్టెను కె. సి. అరోరా వ్యాజ్యమున సుప్రీముకోర్టు 1984లో ఆ సవరణ చెల్లదనెను. దేశము ఆపదలో ఉన్నప్పుడు ఇచ్చిన మాటను, ఆపద తీఱిన తరువాత తేదీ మార్చి వెనుకకు తీసికొనరాదని దాని సారము.

రెండవది జానకిరామన్ వ్యాజ్యము. 1991 ఆగస్టు 27న తీర్పు వచ్చెను. ఒక ఉద్యోగిపై విచారణ ఉన్నప్పుడు అతని పదోన్నతిని గూర్చిన నిర్ణయమును మూసిన కవరులో ఉంచుట వాడుక. విచారణలో అతడు పూర్తిగా నిర్దోషియని తేలినచో కవరు తెఱచి వెనుకటి తేదీతో పదవి ఇత్తురు. జీతము మాత్రము పని చేయలేదు గనుక లేదందురు. సుప్రీముకోర్టు ఆ వాదమును సామాన్యముగా అంగీకరింపలేదు. పని చేయుటకు సిద్ధముగా ఉన్నవానిని ప్రభుత్వమే ఆపినప్పుడు, పని చేయలేదు గనుక జీతము లేదనుట తగదనెను. తేదీని దిద్దుట యనగా అంకెను దిద్దుట మాత్రము కాదని ఈ తీర్పు చెప్పుచున్నది.

సైనికులకు ఇట్టి తగవులను విచారించు ప్రత్యేక న్యాయపీఠము 2007 నాటి చట్టముచే ఏర్పడి 2009లో పని ప్రారంభించెను. అంతకు ముందు వారికి విన్నపము ఒక దారి, హైకోర్టు ఒక దారి. అయినను ఆలస్యము పోలేదు. సర్వసేనాపతిగా పనిచేసిన మాణెక్‌షా 1973 జనవరి 1న ఫీల్డుమార్షలు అయినారు. ఆ పదవికి విశ్రాంతి లేదు. జీవితాంతము జీతము ఉండును. వారికి ఆ జీతపు బకాయి, కోటి రూపాయలకు మించినది, 2007లో చేతికందినది. 2008 జూన్‌లో వారు మరణించినారు. అంతటి సేనానికే ముప్పది నాలుగేండ్లు పట్టినప్పుడు పెనుబల్లి మేజరుగారి పదునాలుగు నెలల కాగితము ఏ బల్లపై నిదురించెనో ఊహింపవచ్చును.

ఇక మేజరుగారికి మా జవాబు. పదవి వచ్చెను గదా, తేదీ ఏదయిననేమి అన్న మిత్రునితో ఇట్లు చెప్పుడు. ఆ పదునాలుగు నెలలు మీరు వెనుకబడినవారు కారు, వెనుక ఉంచబడినవారు. మొదటి ఉత్తరువు చదివినవారు ఇతడు తోడివారితోపాటు నెగ్గలేదు కాబోలు అనుకొందురు. రెండవ ఉత్తరువు ఆ మాటను తుడిచివేయుచున్నది. పింఛనులో కొద్దిగా కలియవచ్చును, కలియకపోవచ్చును. పుస్తకములో మాత్రము నిజము చేరినది. డ్రేఫస్ కోరి పొందలేకపోయినది ఇదియే.

అయితే ఆ ఉత్తరువు ఇయ్యలేనిది కూడ ఒకటి కలదు. ఆ నెలలలో మీ క్రింద నడువవలసిన సైనికులు మఱొకరి క్రింద నడిచిరి. మీరు కూర్చుండవలసిన ఎంపికసంఘము ముందు మఱొకరు కూర్చుండిరి. వాటిని ఏ న్యాయపీఠమును తిరిగి తేలేదు. అందువలననే దిద్దుబాటును వేళకు చేయుట దిద్దుబాటులో సగపాలు అని మేము తలంచుచున్నాము. కార్యాలయములలో పనిచేయు శ్రోతలు ఈ ప్రసంగము చదివినచో, వారి బల్లపై ఉన్న కట్టలలో ఎవరి పేరు, ఏ తేదీ ఆగి ఉన్నవో ఒక్కసారి విప్పి చూడవలసినదిగా కోరుచున్నాము.

కొలువులో ఉన్న కుమారులు గల ఇండ్లవారికి ఒక మాట. సైనిక న్యాయపీఠమునకు వెళ్లదలచినవారు తుది ఉత్తరువు వచ్చిన ఆఱు నెలలలోపల వెళ్లవలెనని చట్టము చెప్పుచున్నది; తగిన కారణము చూపినచో గాని ఆ గడువు సడలింపరు. కావున పదోన్నతి ఉత్తరువు వచ్చిన నాడే అందులోని పదవిని మాత్రమే కాక తేదీని కూడ చదువుడు. ప్రతి విన్నపమునకు నకలు ఉంచుకొనుడు. మేజరుగారు తొలినాటి నుండి అన్ని నకళ్లను ఒక రేకుపెట్టెలో దాచియుంచిరట. ఆ పెట్టె లేకున్నచో వారి తేదీ నేటికిని తప్పుగానే ఉండెడిది.